పంతులమ్మ ముఖం: నల్లబల్ల నుంచి అరనిమిషం వీడియో దాకా

పంతులు అన్నది మగమాట. దానికి ‘అమ్మ’ తగిలించాకే మన ఊళ్ళల్లో ఆడమనిషి నలుగురి పిల్లల్నీ కూచోబెట్టుకుని పాఠం చెప్పడానికి వీలు చిక్కింది. ఆ తగిలింపులో ఒక ఒప్పందం ఉంది. చదువు చెప్పు, కానీ అమ్మలా చెప్పు. జీతం తీసుకో, కానీ జీతం గురించి మాట్లాడకు. నలుగురిలోకీ రా, కానీ నీ ముఖం ఎవరి కంటా పడనట్టు రా. నూట యాభై ఏళ్ళుగా ఈ ఒప్పందం నడుస్తోంది. ఇవాళ సెల్‌ఫోను తనవైపు తిప్పుకుని అరనిమిషం వీడియోలో ‘నేను టీచర్ని’ అని చెప్పుకుంటున్న ఉపాధ్యాయిని ఆ ఒప్పందాన్ని తెంచుకుంటోందా, కొత్త సంతకం పెట్టి పొడిగిస్తోందా? ఈ వ్యాసంలో నేను వేసుకుంటున్న ప్రశ్న ఇదే.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని. పాత స్త్రీల పత్రికలు తిరగెయ్యడం నా అలవాటు. కొంతకాలంగా దానికి తోడు తెలుగు టీచర్లు పెట్టే రీళ్ళూ షార్ట్సూ కూడా అంతే శ్రద్ధగా చూస్తున్నాను, రకాలు రాసుకుంటున్నాను. ‘ఇదేం చరిత్ర, కాలక్షేపం కదా’ అన్నారు కొందరు మిత్రులు. దంపుళ్ళ పాటలూ, ఉత్తరాలూ, ఖర్చుల పుస్తకాలూ చరిత్రకి ఆధారాలవుతాయని వాదించి ఒప్పించింది మనమే. ఆడవాళ్ళు తమ గురించి తాము చెప్పుకున్నది ఏ రూపంలో ఉన్నా చదవాలన్నాం. ఆ రూపం ఈసారి ఫోన్‌లో ఉంది. అంతే తేడా.

మొదటి తరం టీచర్లకి ముఖం లేదు. 1848లో పుణేలో బడి మొదలుపెట్టిన సావిత్రిబాయి ఫూలే మీద దారిలో పేడా బురదా విసిరేవారనీ, బడికి చేరాక మార్చుకోడానికి ఇంకో చీర వెంట పెట్టుకెళ్ళేదనీ మనందరికీ తెలుసు. ఆడమనిషి టీచర్‌గా వీధిలోకి రాగానే లోకం చూసింది ఆమె పాఠాన్ని కాదు, ఒంటిని. అయితే సావిత్రిబాయి తన మాట తాను రాసి ఉంచుకుంది. 1854లో కవితా సంపుటి వేసింది. ఫూలే దంపతుల బడిలో చదివిన పద్నాలుగేళ్ళ మాంగు కులపు పిల్ల ముక్తాబాయి మాంగు, మహర్ జనాల దుఃఖం గురించి రాసిన వ్యాసం 1855లో ‘జ్ఞానోదయ’ పత్రికలో అచ్చయింది. ఆ బడి ఏం సాధించిందో చెప్పడానికి ఏ ఇన్‌స్పెక్టరు నివేదికా దానికి సాటి రాదు. మన దగ్గర అలాంటి రాతలు మిగిలింది తక్కువ. 1874లో వీరేశలింగం ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టాడని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. ఆ తరం బడుల్లో పలకలు దిద్దించిన ఆడవాళ్ళు తమ రోజు ఎలా గడిచిందో రాసుకున్న కాగితాల కోసం వెతికితే చేతికి అందేవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. తెలుగు జిల్లాల్లో క్రైస్తవ మిషన్ల బడుల్లో పాఠాలు చెప్పిన దళిత క్రైస్తవ స్త్రీల సంగతి మరీ అన్యాయం. మిషనరీల నివేదికల్లో వాళ్ళు చాలాసార్లు ఒక అంకె, మహా అయితే ఒక ఇంటిపేరు లేని పేరు.

అప్పట్లో టీచరుగా ఎవరికి వీలుండేది? ఆడపిల్లలకి మగపంతులు చెప్పకూడదు. పెళ్ళయిన అగ్రకుల స్త్రీ గడప దాటకూడదు. ఇక మిగిలింది వితంతువు. సంస్కర్తలు ఆమెకి వృత్తినిచ్చారు. అది నిజమైన మేలే, కాదనను. మన తీరాంధ్ర, రాయలసీమ జిల్లాలకి అప్పుడు రాజధాని అయిన మద్రాసులో ఆర్.ఎస్. సుబ్బలక్ష్మి అనే బాలవితంతువు 1911లో డిగ్రీ పుచ్చుకుంది. 1912లో బ్రాహ్మణ వితంతువుల కోసం శారదా వసతిగృహం నడిపి, వాళ్ళని టీచర్లుగా తయారుచేసింది. గుంటూరులో 1922లో ఉన్నవ లక్ష్మీబాయమ్మ శారదా నికేతనం పెట్టింది. నిజాం రాజ్యంలో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లల చదువు కోసం 1928లో మాడపాటి హనుమంతరావు హైదరాబాదులో బాలికల పాఠశాల స్థాపించాడు. ఈ బడులన్నిటికీ టీచర్లు కావాలి. ఆ టీచరుకి తప్పనిసరి అర్హత చదువొక్కటే కాదు, మచ్చ లేదని ఊరు ఒప్పుకునే నడవడి. ఏ రంగు చీర కట్టింది, ఎవరితో మాట్లాడింది, బడి నుంచి తిన్నగా ఇంటికి పోయిందా అన్నవి ఆమె ఉద్యోగానికి పూచీకత్తులు. వృత్తి గుర్తింపు అని ఇవాళ మనం అంటున్నది ఆమెకి ఒంటిమీద వేసిన ముద్రగానే వచ్చింది.

1902లో మొదలైన ‘హిందూ సుందరి’లో, 1928లో మొదలైన ‘గృహలక్ష్మి’లో స్త్రీవిద్య మీద వ్యాసాలు కోకొల్లలు. నేను చదివినంతలో వాటిల్లో ఎక్కువ భాగం చదువుకున్న ఆడది మంచి తల్లి అవుతుందనే వాదిస్తాయి. చదువు చెప్పే ఆడదానికి గొంతు నొప్పెడుతుందనీ, జీతం ఆలస్యమవుతుందనీ రాసిన పేజీ కోసం నేను చాలా కాగితాలు తిరగేశాను. ఆ పత్రికల్ని తప్పుపట్టడం లేదు. అప్పటి యుద్ధం వేరు. చదువుకునే హక్కు కోసం పోరాడుతున్నవాళ్ళు చదువు చెప్పే శ్రమ గురించి మాట్లాడే తీరిక సంపాదించలేదు. అయితే ఆ ఖాళీ అలాగే ఉండిపోయిందన్నది గుర్తుంచుకోవాలి.

తర్వాత గొంతొచ్చింది. మద్రాసు రేడియోలో, ఆ తర్వాత హైదరాబాదు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపిన న్యాయపతి కామేశ్వరి తెలుగిళ్ళన్నిటికీ ‘రేడియో అక్కయ్య’. భర్త రాఘవరావు ‘రేడియో అన్నయ్య’. 1940లో వాళ్ళు పెట్టిన ఆంధ్ర బాలానంద సంఘం ఎన్ని తరాల పిల్లల్ని వేదికెక్కించిందో చెప్పలేం. వేలమంది పిల్లలకి నేర్పిన స్త్రీకి జనం ఇచ్చిన బిరుదు మళ్ళీ చుట్టరికమే. అక్కయ్య. అందులో ఎంత ప్రేముందో అంత హద్దూ ఉంది. ఇక సినిమాల్లో 1943లో ఒక ‘పంతులమ్మ’, 1977లో ఇంకో ‘పంతులమ్మ’ వచ్చాయి. వాటి తర్వాత మన హాస్య చిత్రాల్లో టీచరు పాత్రకి పట్టిన గతి మీకు నేను చెప్పక్కర్లేదు. తరగతిలో ఆమె నల్లబల్ల వైపు తిరగ్గానే కెమెరా ఎటు పోతుందో మనం చూస్తూనే ఉన్నాం.

చదువు కోసం వాడిన కెమెరా అయినా ఆమె చేతిలో లేదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ‘సైట్’ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం నడిచింది. ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెల్లో సామూహిక టీవీలు పెట్టారు. అందులో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. పొద్దున పిల్లలకి బడి కార్యక్రమాలు, సెలవుల్లో టీచర్లకి శిక్షణ. టీచరు చెయ్యాల్సింది టీవీ పెట్టి, పిల్లల్ని వరసగా కూచోబెట్టడం. పాఠం ఎక్కడో స్టూడియోలో తయారైంది. తన బడిలో తానే ప్రేక్షకురాలు. ఆనాటి పత్రాల్లో ఉపగ్రహం గురించి ఎంత రాశారో, టీవీ పక్కన నిలబడ్డ టీచరు ఏమనుకుందో అంత తక్కువ రాశారు.

ఈ నేపథ్యంలో చూస్తే 2018 తర్వాత జరిగింది చిన్న మార్పు కాదు. టిక్‌టాక్ వచ్చాక కెమెరా, కత్తిరింపు, పాట, ప్రసారం అన్నీ ఒకే ఫోన్లో, ఒకే చేతిలోకి వచ్చాయి. 2019లో ఆ సంస్థ చదువు వీడియోల కోసం ప్రత్యేకంగా ‘ఎడ్యుటాక్’ అని ప్రచారం చేసింది. 2020 మార్చిలో కోవిడ్‌తో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. ఆ పాఠాలు పిల్లలు చూశారో లేదో ఇంటింటికీ తిరిగి కనుక్కునే పని టీచర్లది. చాలామంది ఆడవాళ్ళు మొదటిసారి ఫోన్‌కి ఎదురుగా కూచుని పాఠం చెప్పడం నేర్చుకున్నది ఆ రోజుల్లోనే. వంటింటి గోడకి బల్ల ఆనించి, కుక్కర్ కూతల మధ్య చెప్పిన పాఠాలవి. బడులు తెరిచారు గానీ నేర్చుకున్న విద్య మిగిలింది. అప్పటికే 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించారు. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ ఆ ఖాళీలోకి వచ్చి కూచున్నాయి.

ఆ వీడియోల్లో ఏముంటుంది? నేను రాసుకున్న రకాలు కొన్ని చెబుతాను. గుణింతాలు పాటగా నేర్పడం. సుద్దముక్కతో ముత్యాల్లాంటి అక్షరాలు రాయడం. భిన్నాలు చెప్పడానికి రొట్టె ముక్కలు కొయ్యడం. జూన్‌లో బడిబాట, అంటే టీచర్లు ఇంటింటికీ పోయి పిల్లల్ని చేర్పించమని అడగడం. బదిలీ అయి వెళ్ళిపోతుంటే పిల్లలు కొంగు పట్టుకుని ఏడవడం. ఒక చిన్నపిల్ల జడ దువ్వి రిబ్బను కట్టడం. చివరి రెండు రకాలకి వచ్చే లైకులు మిగతావాటికి రావు. వ్యాఖ్యల్లో ‘తల్లి లాంటి టీచర్’, ‘ఇలాంటి అమ్మ ఉండాలి’ అని వందలు కనిపిస్తాయి. ‘భిన్నాల్ని ఎంత తేలిక చేశారండీ’ అన్నవి వెతుక్కోవాలి. జనానికి కావలసింది అమ్మ. జనానికి ఏం కావాలో దాన్నే ఇంకా ఇంకా చూపించడం ఆ యంత్రం పని. కాబట్టి తన వృత్తిని చూపించుకుందామని బయల్దేరిన టీచరు నెల తిరిగేసరికి తన మాతృత్వాన్ని చూపిస్తూ ఉంటుంది. మగ టీచరు ఇంగ్లీషు వ్యాకరణం చెబితే ‘సబ్జెక్టు ఉన్న సారు’. ఆమె అదే చెబితే ముందు చీర గురించి రెండు మాటలు, ఆ తర్వాత వ్యాకరణం.

అంటే కథ అక్కడే తిరిగిందా? అలాగని తేల్చెయ్యలేను. ఎందుకంటే అదే ఫోన్లో టీచరు ముఖాన్ని అడిగేవాళ్ళు ఇంకొకరున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో టీచర్లకి ముఖ గుర్తింపు హాజరు పెట్టారు. సొంత ఫోన్లలో ఆ యాప్ ఎందుకు వేసుకోవాలని సంఘాలు నిలదీశాయి. తెలంగాణలో 2025 ఆగస్టులో అలాంటి హాజరే వచ్చింది. పొద్దున్నే తొమ్మిదింటికి టీచరు ఫోను ఎదురుగా నిలబడి ముఖం చూపిస్తుంది. అది నిఘా. సాయంత్రం అదే ఫోను ఎదురుగా నిలబడి, తాను ఎంచుకున్న మాట తాను చెబుతుంది. ముఖం ఒకటే, ఫోను ఒకటే. మొదటిదాంట్లో ఆమె వచ్చిందా లేదా అన్నదే లెక్క. రెండోదాంట్లో ఏం చేసిందన్నది కొంతైనా కనపడుతుంది. వెనకటి ఇన్‌స్పెక్టరు పుస్తకంలో ఆమె గురించి ఇంకొకరు రాసేవారు. ఇక్కడ ఆమె గురించి ఆమే రాస్తోంది. ఈ తేడాని చులకన చెయ్యడానికి నాకు మనసొప్పడం లేదు.

చులకన చెయ్యనివాళ్ళు ఇంకా ఉన్నారు. కట్టడి చేసేవాళ్ళు. 2022 ఆగస్టులో కోల్‌కతాలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయపు అధ్యాపకురాలి సంగతి బయటికొచ్చింది. తన ఇన్‌స్టాగ్రామ్‌లోని ఈతదుస్తుల ఫొటోలు కొడుకు చూస్తున్నాడని ఒక విద్యార్థి తండ్రి ఫిర్యాదు చేస్తే, ముందరి ఏడు తనని పిలిచి విచారించి రాజీనామా చేయించారని ఆమె చెప్పింది. అవి ఉద్యోగంలో చేరకముందు సొంత ఖాతాలో పెట్టుకున్నవని ఆమె మాట. బలవంతమేం లేదన్నది సంస్థ మాట. ఇంతకీ అక్కడ ఆ ఫొటోలు చూసిన కుర్రాడిని ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు. చీరే కట్టాలని టీచర్లని బలవంతం చెయ్యకూడదని కేరళ ప్రభుత్వం 2021లో మళ్ళీ ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. 2024లో మహారాష్ట్ర టీచర్లకి జీన్స్, టీషర్టులు వద్దంటూ దుస్తుల నియమాలిచ్చింది. మరోపక్క అదే ఏప్రిల్ 2022లో ఢిల్లీలో ఒక ప్రభుత్వ బడి టీచరు తరగతి అయిపోయాక ఆడపిల్లలతో కలిసి హరియాణా పాటకి అడుగులు వేసిన వీడియోని దేశమంతా మెచ్చుకుంది. మెప్పూ శిక్షా రెండూ ఒంటిమీదే. 1912 నుంచి ఈ విషయంలో మనం ఎంత దూరం వచ్చామో కొలుచుకోండి.

ఇక్కడ పిల్లల సంగతి మాట్లాడకుండా దాటెయ్యడం న్యాయం కాదు. టీచరు తన ముఖం తాను చూపించుకోవచ్చు. జడ దువ్వించుకుంటున్న ఆ పిల్ల ముఖం ఎవరిది? ‘నాకు చదవడం రాదు టీచర్’ అంటూ తలొంచుకున్న పిల్లాడి ముఖం? ఇలాంటి వీడియోల్లో కనిపించేది ఎక్కువగా సర్కారు బడి పిల్లలే. దళితుల, ఆదివాసుల, కూలీల బిడ్డలు. ఫీజులు కట్టే తల్లిదండ్రుల పిల్లల పేదరికాన్నీ కన్నీళ్ళనీ అనుమతి లేకుండా ఎవరూ తియ్యరు, ఎందుకంటే మర్నాడే ప్రిన్సిపాల్ గదిలో గొడవవుతుంది. 2023లో ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహాలో కొందరు టీచరమ్మలు తమ ఛానెల్‌కి సబ్‌స్క్రయిబ్ చెయ్యమని పిల్లల్ని ఒత్తిడి చేస్తున్నారని ఫిర్యాదు వచ్చి విచారణ వేశారు. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళ వ్యక్తిగత సమాచారాన్ని వాడాలంటే సంస్థలు తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలంటుంది 2023 నాటి డేటా రక్షణ చట్టం. చట్టం సంగతి అలా ఉంచినా, మన ముఖం మన చేతిలో లేని బాధ ఏమిటో టీచర్లకంటే ఎవరికి తెలుసు? ఆ బాధని ఇంకో మెట్టు కిందికి దించి పిల్లల మీద పెట్టడం విముక్తి కాదు. బాగా చేసే టీచర్లు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. వాళ్ళ వీడియోల్లో పిల్లల చేతులు కనిపిస్తాయి, పలక కనిపిస్తుంది, గొంతులు వినిపిస్తాయి, ముఖాలుండవు. పాఠం ఏం తగ్గలేదు.

మరి ఏది కనిపించదు? జీతం కనిపించదు. ప్రైవేటు బడిలో నెలాఖరుకి చేతికొచ్చేదెంతో ఏ రీలూ చెప్పదు. దేశంలో టీచర్లు 2024-25లో కోటి దాటారు, వాళ్ళలో ఆడవాళ్ళు నూటికి 54 మంది. సగానికి పైగా ఆడవాళ్ళున్న ఈ వృత్తిలో చిన్నతరగతులు వాళ్ళవి, పెద్ద కుర్చీలు చాలాచోట్ల ఇంకా మగవాళ్ళవి. అదీ కనిపించదు. ప్రభుత్వోద్యోగి అయితే ప్రవర్తనా నియమాలున్నాయి. మన రాష్ట్రాల్లో 1964 నాటివి. మహారాష్ట్ర 2025 జూలైలో తన ఉద్యోగులకిచ్చిన సూచనల్లో సొంత ఖాతాల వీడియోల్లో హోదా, ప్రభుత్వ చిహ్నం, భవనం వాడొద్దంది. అంటే బడిలో చేరమని ప్రచారం చేసే వీడియో మంచిది. బడి పైకప్పు కారుతోందని చూపించే వీడియో క్రమశిక్షణ చర్య. ప్రచారం చేసినందుకు ఆమెకి అదనంగా ఇచ్చేదేం లేదు. అదీ ఆమె సొంత ఫోను, సొంత డేటా, సొంత ఆదివారం.

ఈ గీత దాటిన వీడియోలూ ఉన్నాయి. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు 42 రోజులు సమ్మె చేశారు. జనవరిలో వాళ్ళమీద ఎస్మా ప్రయోగించారు. పిల్లలూ ఊరూ వాళ్ళని పిలిచేది ‘టీచర్’ అనే. ప్రభుత్వం ఇచ్చేదానికి మాత్రం జీతమన్న పేరు కూడా లేదు, గౌరవ వేతనం. సమ్మె శిబిరాల నుంచి వాళ్ళు పెట్టిన చిన్న చిన్న వీడియోల్లో నేను మొదటిసారి ఒక కొత్త పంతులమ్మని చూశాను. పిల్లల జడలు లేవు, అమ్మతనం లేదు. తన పనుల జాబితా తాను వేళ్ళమీద లెక్కపెట్టి చెబుతోంది. ఆ పేజీ కోసమే కదా నేను ‘గృహలక్ష్మి’ అట్టల మధ్య వెతికింది! 2024 డిసెంబరులో తెలంగాణలో సమగ్ర శిక్ష ఒప్పంద ఉద్యోగులు సమ్మెకి దిగినప్పుడు కస్తూర్బా విద్యాలయాల టీచర్లు కూడా ఇలాగే మాట్లాడారు. వృత్తి గుర్తింపంటే పిల్లల మీద ప్రేమ ఒక్కటే కాదు, నైపుణ్యం, శ్రమ, దాని విలువ అని చెప్పిన గొంతులవి. ఒప్పందం తెగుతున్న చప్పుడు నాకు వినిపించింది అక్కడ.

చరిత్ర చెప్పినదానిగా నా భయం ఇంకోటుంది. 2020 జూన్ ఆఖర్లో టిక్‌టాక్ పోయినప్పుడు దేశంలో లక్షలాది వీడియోలు ఒక్కసారిగా జనం కళ్ళముందు నుంచి మాయమయ్యాయి. వాటిలో టీచర్లవీ ఉన్నాయి. దేశ భద్రత పేరుతో తీసుకున్న ఆ నిర్ణయం మంచిచెడ్డలు వేరే చర్చ. పల్లెటూళ్ళ టీచర్లు తమ గురించి తాము చెప్పుకున్న తొలి దృశ్య సంపుటిని ఏ గ్రంథాలయమూ దాచలేదన్నది మాత్రం వాస్తవం. ‘హిందూ సుందరి’ పాత ప్రతులు ఎవరో బీరువాలో పెట్టబట్టి మనకి దొరికాయి. రీళ్ళకి బీరువా లేదు. అవి ఎక్కడో ఒక కంపెనీ యంత్రాల్లో ఉన్నాయి. ఆ కంపెనీకి లాభమున్నంతకాలం ఉంటాయి, లేకపోతే పోతాయి. ధవళేశ్వరం నాటి టీచర్లు కాగితం దొరక్క, తీరిక లేక మౌనంగా ఉండిపోయారు. ఈ తరం టీచర్లు ఇంత మాట్లాడి కూడా రేపటికి మౌనంగా మిగిలే ప్రమాదముంది.

అందుకని విశ్వవిద్యాలయాల స్త్రీ అధ్యయన విభాగాల్లో ఉన్నవాళ్ళని, పరిశోధన చేయిస్తున్న మిత్రుల్ని అడుగుతున్నాను. టీచర్ల అనుమతితో, పిల్లల ముఖాలు తప్పించి, ఈ వీడియోల్ని దాచండి. తేదీ, ఊరు, బడి రకం, ఆ టీచరు పర్మనెంటో ఒప్పందమో రాసి పెట్టండి. ఆమెని కూచోబెట్టి ఆ అరనిమిషం ముందూ వెనకా ఏం జరిగిందో అడగండి. వీడియో ఎవరు తీశారు, ఎన్నిసార్లు తీశారు, ఇంట్లో ఏమన్నారు, హెడ్మాస్టరు ఏమన్నాడు, ఏది తీసి చెరిపేసింది. చెరిపేసినదాంట్లోనే చాలాసార్లు అసలు కథ ఉంటుంది.